కణపు పొర కథ

మన దేహమందలి ప్రతి జీవకణమును ఒక సన్నని పొర చుట్టియుండును. నూనెలలోఁ గరఁగు పదార్థములు కణములోనికి సులభముగఁ జొచ్చుటఁ గనిపెట్టి, 1899లో ఓవర్టన్ అను శాస్త్రజ్ఞుఁడు ఆ పొర క్రొవ్వు వంటిదని తలంచెను. 1925లో హాలెండు దేశపు లైడెన్ నగరమున గోర్టర్, గ్రెండెల్ అనువారు దాని మందమును నిర్ణయింపఁ బూనిరి. ఎఱ్ఱ రక్తకణముల క్రొవ్వును ఎసిటోనుతోఁ దీసి, నీటిపై ఒక యణువు మందమున వ్యాపింపఁజేసిరి. అది యా కణముల ఉపరితలమునకు రెట్టింపయ్యెను! కావున పొర రెండు వరుసలదని నిశ్చయించిరి. క్రొవ్వుటణువు తల నీటిని గోరును, తోఁక యేవగించుకొనును. అందుచేఁ దోఁకలు నడుమ దాఁగి, తలలు ఇరుప్రక్కల నీటిని దాఁకియుండును.

వింత యేమన, ఎసిటోను క్రొవ్వు నంతయుఁ దీయలేదు. ఎండిన కణములను గొలుచుటచే ఉపరితలపు లెక్కయుఁ దగ్గినది. రెండు తప్పులు నొకదాని నొకటి సరిపెట్టినవి. హేతువు దుష్టమైనచో సిద్ధాంతము నొప్పుకొనరాదని తర్కము చదివిన నా వంటివాఁడు పట్టుపట్టును, పట్టుపట్టవలెను గూడ. ఇచ్చట నా సిద్ధాంతమును నిలిపినవి తరువాతి పరీక్షలు.

1972లో సింగర్, నికల్సన్ అనువారు, ఆ జంటవరుస గట్టిగోడ గాదనియు, ద్రవమువలెఁ గదలు దానియందు మాంసకృత్తులు తేలుచుండుననియుఁ జెప్పిరి. అందుఁ గొన్ని ద్వారములై, లవణములను, చక్కెరను వలసినంత మేరకే రానిచ్చును. ప్రాణవాయువు మాత్రము ఏ ద్వారము నడుగక క్రొవ్వు నడుమనుండియే లోనికిఁ బోవును.