పద్దెనిమిదిన్నర నుంచి ఇరవై మూడు దాకా

ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే బీఎంఐ లెక్క మా కోనసీమ పల్లెలకు తిండి ఎక్కువైన రోజుల్లో రాలేదు, చాలని రోజుల్లో వచ్చింది. రాజోలు వైపు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి రిటైరైనదాన్ని నేను. కాటా, టేపు, రిజిస్టరు పట్టుకుని కాలవ గట్ల వెంట తిరిగాను. ఇప్పుడు ఈ లెక్కంటే అందరికీ ఊబకాయమే గుర్తొస్తోంది. దీని వెనక ఆకలి చరిత్ర కూడా ఉంది. అది మరుగున పడిపోకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు పారాక మా సీమ వరికి పెట్టింది పేరైంది. అంతమాత్రాన అందరి కడుపూ నిండలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకున్నారు. అంటే ఆ గుమ్మానికి ఆకలితో వచ్చినవాళ్లు అంతమంది ఉన్నారన్నమాట.

తర్వాత వరి మిల్లులొచ్చాయి. దంపుడు బియ్యం పోయి తెల్లబియ్యం వచ్చింది. తవుడుతో పాటు బి1 విటమినూ పోయింది. అప్పట్లో ఉత్తర సర్కారులనే తీరాంధ్ర జిల్లాల్లో, మన గోదావరి ప్రాంతంతో సహా, బెరిబెరి పీడించింది. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది తమిళులను పెద్దగా తాకని జబ్బు, పచ్చిబియ్యం మరపట్టించి తినే మనవాళ్లను పట్టుకుంది. ఈ జబ్బు సంగతి తేల్చడానికే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు కూనూరులో ఒక్క గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. ఆ ఒక్క గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఒక రకం బెరిబెరిలో కాళ్లకు నీరు పడుతుంది. సరైన తిండి లేక జబ్బుపడిన మనిషి కాటా ఎక్కితే బరువు ఎక్కువ చూపిస్తుంది. బరువు ఒక్కటే చూసి ఒంటి సంగతి తేల్చకూడదని మన నేల మీద ఎప్పుడో రుజువైంది.

ఎత్తుకు తగ్గ బరువు లెక్క పుట్టింది మాత్రం ఎక్కడో దూరాన, బెల్జియంలో. అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కాడు, ఖగోళ శాస్త్రవేత్త. వేలమంది కొలతలు పోగేసి సగటు మనిషి ఎలా ఉంటాడో చూడాలన్నది ఆయన తపన. పెద్దవాళ్లలో బరువు సుమారుగా ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుందని 1830ల్లో గమనించాడు. ఎవరికి జబ్బు వస్తుంది, ఎవరికి రాదు అన్నది ఆయన ప్రశ్నే కాదు. ఆ తర్వాత అమెరికాలో బీమా కంపెనీలు లావుపాటి ఖాతాదారులు ముందుగా చనిపోతున్నారని గమనించి, ఎత్తు బరువుల పట్టికలు వేసుకున్నాయి. 1972లో ఆన్సెల్ కీస్ బృందం అయిదు దేశాల్లో ఏడు వేలకు పైగా మగవాళ్ల కొలతలు పరిశీలించి, ఉన్న సూత్రాల్లో కెట్లేదే మేలని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. ఆ అయిదు దేశాల్లో మన దేశం లేదు. ఆ కొలతల్లో ఆడవాళ్లే లేరు.

అదే 1972లో మన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఏర్పడి, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఏం తింటున్నారు, ఎంత తూగుతున్నారు అని చూడడం మొదలుపెట్టింది. 1988లో జేమ్స్, ఫెర్రో-లుజ్జి, వాటర్‌లో అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పెద్దవాళ్లలో తీరని ఆకలిని గుర్తించడానికి ఒక గీత గీశారు. అదే 18.5. అంతకన్నా తగ్గితే ఒంట్లో శక్తి చాలడం లేదని, 16 కన్నా తగ్గితే తీవ్రమైన స్థితి అని.

నాకు తెలిసిన బీఎంఐ మొదట అదే. ఊడ్పులయ్యాక కూలి ఆడవాళ్లను కొలిచేదాన్ని. అలికిన నేల మీద కాటా ఒరిగిపోతుంది, కింద చెక్క వేసి ముల్లు సున్నా మీదికి తేవాలి. ఎత్తు చూసేటప్పుడు మడమలు గోడకు ఆనాలి, చూపు సూటిగా ఉండాలి, కొప్పు విప్పించాలి. కొప్పు విప్పకపోతే రెండంగుళాలు దొంగలెక్క వస్తుంది. ఒకామె అయిదడుగులు, అంటే 1.52 మీటర్లు, 40 కిలోలు. 1.52ని 1.52తో హెచ్చవేస్తే 2.31, 40ని దాంతో భాగిస్తే 17.3. “ఆయ్, నేనెప్పుడూ ఇంతేనండి నర్సమ్మగారూ, మా అమ్మా ఇంతే” అనేది. తరతరాలుగా కడుపు నిండకపోతే అదే ఒంటి తత్వం అనుకుంటారు.

ఈలోగా ఊళ్లు మారాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ట్రాక్టర్లు, కోత మిషన్లు, బళ్లు వచ్చాయి. కువైట్, మస్కట్ డబ్బులొచ్చాయి. తిండి పెరిగింది, ఒంటిపని తగ్గింది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. గుండెజబ్బు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులే మరణాలకు మొదటి కారణమని తేలింది. పల్లెటూళ్లకు అంటు జబ్బులే శత్రువులని నేర్చుకున్న మాకు అది పెద్ద పాఠం.

గీతలూ జరిగాయి. ప్రపంచమంతటికీ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్నారు. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో పక్కపక్కన నిలబడిన తమ ఫోటో ఒకటి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అదీ పొట్టలో చేరుతుంది. అందుకే 2009లో మన వైద్యులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించుకున్నారు. అయిదడుగుల మూడంగుళాల మనిషి, అంటే 160 సెంటీమీటర్లు, 64 కిలోలుంటే సరిగ్గా 25.

అయితే ఈ అంకె జల్లెడ మాత్రమే. కొబ్బరి దింపు కార్మికుడికీ, కొట్లో కూర్చునే షావుకారుకీ 24 రావచ్చు. ఒకరిది కండ, ఇంకొకరిది బొజ్జ. అందుకే బొడ్డు దగ్గర టేపు పెట్టాలి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే పత్రంలో ఈ నడుము కొలత ఉంటుంది; సిగ్గుపడకుండా కొలిపించుకోండి. ఆ తర్వాత బీపీ, షుగరు పరీక్షలే అసలు మాట చెబుతాయి. గర్భిణులకు, నీరు పట్టినవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

నేను కోరేది ఒక్కటి. కోడలికి 27 ఉంటే వెంటనే షుగరు పరీక్ష రాస్తున్నాం, మంచిదే. అదే ఇంట్లో అత్తగారికి 17 ఉంటే “వయసైంది కదా” అని వదిలేస్తున్నాం. ఆమెకు క్షయ ఉందేమో, పళ్లు లేక నమలలేకపోతోందేమో, అందరూ తిన్నాక మిగిలిందే తింటోందేమో ఎవరు అడగాలి? ఈ లెక్క మన ఊళ్లకు వచ్చిందే ఆమె లాంటివాళ్ల కోసం. 23 దాటినవారిని పిలిచినంత శ్రద్ధగా 18.5 దిగువనున్నవారి గుమ్మం కూడా ఎక్కాలి.