ఊపిరియా, నాడియా? – హైదరాబాదు క్లోరోఫారము విచారణ

రోగమునకు పేరు పెట్టుట యొకటి. అది దేహమున నే త్రోవను నడచుచున్నదో యెఱుగుట మఱియొకటి. మన ప్రాచీన వైద్యు లీ భేదమును చక్కగా గుర్తించిరి. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము అను నాల్గింటితోపాటు, కారణము మొదలుకొని లక్షణము పుట్టువఱకు దేహమున జరుగు నడకకు 'సంప్రాప్తి' యని వారు పేరిడిరి. నేడు నర్సింగు విద్యార్థులకు బోధింపబడుచున్న పాథోఫిజియాలజీ యను శాస్త్రమునకు మూలమైన ప్రశ్నయు నిదియే: ఈ లక్షణ మెట్లు పుట్టెను? దీని వెనుక నే యవయవము తన పని తప్పెను?

అశోక్ నగరు, చిక్కడపల్లి ప్రాంతములు నేడు పరీక్షలకు చదువుకొనువారికి నిలయములు. ఇచ్చటి నగర కేంద్ర గ్రంథాలయమున నుదయము మొదలు రాత్రివఱకు యువతీయువకులు పుస్తకములపై వంగియుందురు. నర్సు ఉద్యోగమునకు సిద్ధమగువారికి నీ శాస్త్రము ప్రశ్నపత్రములోని కొన్ని మార్కులుగా మాత్రమే తోచవచ్చును. ఇండ్లలోని పెద్దలు సయితము, "వైద్యుడు చెప్పినది చేయుటయే కదా నర్సు పని; ఆమెకు కారణములతో నేమి పని?" యని యడుగుట కలదు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరదేశముల కేగ నక్కఱలేదు. ఇచ్చటికి కొలది మైళ్ల దూరమున, మూసీ యొడ్డున, సుమారు నూట ముప్పదియైదేండ్ల క్రిందట నడచిన యొక విచారణ చాలును.

1847వ సంవత్సరము నవంబరులో ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును మత్తుమందుగా వాడుకలోనికి దెచ్చెను. మత్తుమందులు లేని కాలమున శస్త్రచికిత్స యనగా రోగిని నలుగురు పట్టుకొనగా గోయుటయే. కొత్త మందు ప్రజలకు వరమువలె దోచెను. కాని మూడు మాసములైన గడువకమున్నే, 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపమున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, నిమిషములలో మరణించెను. గోరు తీయుటయెక్కడ, ప్రాణము పోవుటయెక్కడ! ఈ మరణమెట్లు కలిగెను? ఊపిరి ముందాగెనా, గుండె ముందాగెనా?

ఇది వట్టి తర్కము గాదు. మత్తునిచ్చువాడు రోగి రొమ్మును జూచుచుండవలెనా, మణికట్టు పట్టుకొనవలెనా యనునది దీనిపై నాధారపడియున్నది. ఎడింబరోవారు ఊపిరిని జూడుడనిరి. లండనువారు నాడిని విడువకుడనిరి. రెండుపక్షములవారును పట్టు విడువలేదు.

ఎడింబరో సంప్రదాయమున జదివిన ఎడ్వర్డు లారీ హైదరాబాదున రెసిడెన్సీ వైద్యుడుగను, ఇచ్చటి వైద్యపాఠశాలకు అధ్యక్షుడుగను నుండెను. అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో నాతడు వేలకొలది రోగులకు క్లోరోఫారము నిప్పించెను. గుండెకు దానివలన భయములేదనియు, ఊపిరిని గనిపెట్టియున్న జాలుననియు నాతని దృఢవిశ్వాసము. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పోషణమున 1888లో మొదటి క్లోరోఫారము కమిషను కుక్కలపై ప్రయోగములు చేసి లారీ మతమునే బలపఱచెను. లండనులోని 'లాన్సెట్' పత్రిక దీనిని శంకించెను. అంతట నిజాము వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక యెంచుకొన్న పరీక్షకుని బంపుమని కోరెను. 1889లో డాక్టరు లాడర్ బ్రంటను వచ్చెను. గుండెకు హాని కలుగుననియే తలంచి వచ్చిన యాతడు, వందలకొలది జంతువులపై రక్తపీడనమును లిఖించు యంత్రములతో జరిగిన ప్రయోగములను జూచి, తన యభిప్రాయమును మార్చుకొనెను.

ఈ చరిత్రలో మన గృహిణులు గుర్తుంచుకొనదగిన పేరొకటి కలదు: రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో ఆ పాఠశాలలో జేరిన కొలదిమంది స్త్రీలలో నామె యొకతె. కమిషను పనిలోను ఆమె పాలుపంచుకొనెను. మత్తువైద్యమును వృత్తిగా స్వీకరించిన ప్రపంచపు తొలి స్త్రీలలో నొకతెగా నామెను చరిత్రకారులు గణించుచున్నారు. ఆడుపిల్లకు అక్షరములే యెక్కువని తలంచు కాలమున, ఒక యువతి పరుల ప్రాణమును తన చేతిలో నుంచుకొని నిలువబడెననుట స్వల్పవిషయము గాదు.

అయినను కమిషను తీర్పు నిలువలేదు. అది చూచినది సత్యమే. కాని సగము సత్యము. మందు మితిమీరినపుడు మెదడు దిగువనున్న శ్వాసకేంద్రము మొద్దువాఱి ఊపిరి ముందాగును; గుండె మఱికొంతసేపు కొట్టుకొనును. మితిమీరిన మోతాదుతో జంపిన జంతువులయందు కానవచ్చునదియే. కాని హానా గ్రీనర్ వంటివారు మందు మొదలిడగనే, మత్తు నిండకమున్నే పోయిరి. ఆ మరణముల మర్మమును 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై బ్రయోగించి తెలిపెను. స్వల్పమైన మత్తులో క్లోరోఫారము గుండె కండరమును అడ్రినలిను అను పదార్థమునకు మిక్కిలి లోనగునట్లు చేయును. భయమువలనను నొప్పివలనను మూత్రపిండములపై నున్న గ్రంథులనుండి యా పదార్థము రక్తమున నొక్కుమ్మడి బడినచో, గుండె లయబద్ధముగా ముడుచుకొనుట మాని వట్టిగా వణకును. రక్తప్రసరణము తక్షణమే నిలిచిపోవును. ఊపిరి మాత్రము కొన్ని క్షణములు సాగవచ్చును! రొమ్ము మాత్రమే చూచుచున్నవాడు అంతయు సవ్యముగానున్నదనుకొనును. 1889 నాటికి అడ్రినలిను అను పేరే పుట్టలేదు. కమిషనువారి తప్పు తెలియకపోవుట కాదు, తెలిసినదానినే సర్వమనుకొనుట.

దీనినుండి రెండు పాఠములు. మొదటిది: భయపడిన రోగికి ధైర్యము చెప్పుట వట్టి మర్యాద గాదు. భయము రక్తములోనికి దిగి గుండెను జేరు పదార్థమైనపుడు, దానిని శాంతపఱచు మాట కూడ చికిత్సయే. సంప్రాప్తి తెలిసిన నర్సు ఆ మాటను తీరికయున్నపుడు చెప్పదు, తప్పక చెప్పును.

రెండవది: దేహము తన యాపదను కొంతకాలము దాచుకొనును. ప్రసవానంతరము రక్తము పోవుచున్న యొక పడుచు తల్లిని దలంపుడు. రక్తము తగ్గగనే గుండె వేగము హెచ్చును. చర్మమునందలి నాళములు ముడుచుకొని రక్తమును ప్రధానాంగములకు మరల్చును. కావుననే చేతులు చల్లబడును, మొగము వెలవెలబోవును. ఇదంతయు ప్రాణరక్షణకై దేహము చేయు పోరాటము. ఆ పోరాటము సాగునంతవఱకు రక్తపీడనపు అంకె ఇంచుమించు మామూలుగానే కనబడవచ్చును. అంకెను మాత్రమే వ్రాసుకొను నర్సు "బాగున్న" దని పోవును. ఆ యంకె వెనుకనున్న నడక తెలిసిన నర్సు, నాడివేగమును, చల్లని చేతిని, ఆమె కలవరమును గూర్చి చూచి, అంకె పడిపోకమున్నే వైద్యుని బిలుచును. ఈ రెండింటి నడుమనున్న యంతరము ఒక పసికందునకు తల్లి యుండుటయు, లేకుండుటయు.

ఆ యఫ్జల్‌గంజి ఆసుపత్రి 1908 నాటి మూసీ వఱదలో బోయెను. దాని స్థానమున తరువాత ఉస్మానియా ఆసుపత్రి వెలసెను. క్లోరోఫారమును మత్తుమందుగా వాడుట మానిరి. నేడు శస్త్రచికిత్సాగారమున శ్వాసను, గుండె లయను, రక్తమునందలి ప్రాణవాయువును యంత్రము లెడతెగక కనిపెట్టుచుండును. 'ఊపిరియా, నాడియా' యను వివాదము 'రెండును' అను సమాధానముతో ముగిసెను. కాని యంత్రము మ్రోగునప్పుడు ఏల మ్రోగుచున్నదో తెలియవలసినది మనుష్యునికే.

కావున చదువరులారా, మీ యింటి బిడ్డ నర్సు చదువు చదువుచున్నచో, ఆమె పుస్తకమును పరీక్షకు మాత్రమే పనికివచ్చునదిగా నెంచకుడు. "ఏల?" యని యడుగుట ఆమెకు నేర్పుడు. ఆజ్ఞను పాటించు చేతులు ఆసుపత్రికి కావలెను. కాని ఆ చేతులకు వెనుక ఆలోచించు బుద్ధియు, పెద్దల యెదుట "అయ్యా, ఈమె స్థితి బాగులేదు" అని నిలిచి చెప్పగల గొంతుకయు నుండినగాని రోగికి రక్షణము పూర్తికాదు.