కోరంగి ధోనీ అడుగు

బల్లార్షా కలప డిపోలో అప్పుడే కోసిన టేకు దుంగ పక్కన నిలబడితే తోలు వాసనలాంటి ఘాటు తగులుతుంది. ఆ నూనె వల్లే టేకు నీటికి చివకదు, ఓడ పనికి దానికున్న పేరంతా అందుకే. చంద్రపూర్ పక్కనుంచి పారే వార్ధా, వైన్‌గంగతో కలిసి ప్రాణహితై, తెలుగు వినిపించే సిరోంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. అదే నీటివెంట కడదాకా దిగితే, గోదావరి ముఖం దగ్గర, కోరంగి రేవు.

తెరచాప ఈ తీరానికి కొత్త కాదు. క్రీ.శ. 2వ శతాబ్దపు శాతవాహన నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. అలలు విరిగేచోటికి కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవ ఉండేది.

సరుకులు మోసే కోరంగి ధోనీ పడవ కొలతలను శ్రీలంకలోని ట్రింకోమలీ నౌకాశాలలో పెద్ద వడ్రంగిగా పనిచేసిన జాన్ ఎడీ 1834లో అచ్చువేయించాడు. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20. అడుగు బల్లపరుపు, నడుమ 7 అడుగులుండి, కొసలకొచ్చేసరికి అంగుళాల్లోకి సన్నబడుతుంది. ఖాళీగా ఉంటే 4 అడుగుల నీరు చాలు. ఇంత వివరంగా కొలిచినవాడే దీన్ని మోటు పని, సముద్రానికి పనికిరాదని కొట్టిపారేశాడు.

ఆ తీర్పు అన్యాయం. ట్రింకోమలీ లోతైన రేవు. గోదావరి ముఖంలో ఇసుక మేటలు ఏటా చోటు మారతాయి. విహారానికి కట్టే యాట్‌కు కింద లోతైన కీల్ ఉంటుంది. అది గాలికి పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది. అలాంటిది ఇక్కడ మేట మీదే కూరుకుపోతుంది. బల్లపరుపు ధోనీ నేల తగిలినా నిటారుగా కూర్చుని, పోటు రాగానే లేస్తుంది. ఎదురుగాలికి బలహీనమే, నిజం. ఆ లోటును రుతుపవనం తీర్చేది: గాలి ఎటు తిరిగితే ప్రయాణం అటు.

1839 నవంబరు తుపాను కోరంగిని ముంచేసింది. మిగిలిన రేవును పూడిక మింగింది. నది ఎగువన, 1860లలో ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆశించినట్టు వార్ధా లోయ పత్తిని పడవలపై దించడానికి దుమ్ముగూడెం దగ్గర లాకులు కట్టారు. 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. చాందా (నేటి చంద్రపూర్) వరకు పడవదారి తెరుచుకోలేదు.

కోరంగి పక్కనే తాళ్ళరేవులో మాత్రం చెక్క పడవలు నేటికీ కడుతున్నారు. పలకల సందుల్లోకి పత్తిని ఉలితో దట్టంగా కూరుతుంటే, సుత్తి చప్పుడు గుల్లగా మొదలై బిగువుగా మారేదాకా వడ్రంగి చెయ్యి ఆపడు.