కత్తెర దాచని ప్రశ్న

డాక్యుమెంటరీ చిత్రం సత్యాన్ని ఉన్నదున్నట్లు చూపుతుందని చాలామంది నమ్మకం. కాని కెమెరాను ఎక్కడ నిలపాలో, తీసిన ఫిల్ములో దేన్ని ఉంచి దేన్ని కత్తిరించాలో నిర్ణయించేది మనిషే. కళాకారుని వర్గదృష్టి ఆ నిర్ణయంలోనే బయటపడుతుంది. 1950లో బొంబాయిలో పుట్టి, దర్శకత్వంతోపాటు ఛాయాగ్రహణంలోను, కూర్పులోను తానే చేయి వేసిన ఆనంద్ పట్వర్ధన్ కృషి ఇందుకు మంచి నిదర్శనం.

ప్రభుత్వాల కత్తెరతో ఆయన పోరాటం తొలి చిత్రంతోనే ప్రారంభమైంది. బీహారులో జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వాన సాగిన ఉద్యమాన్ని ఆయన చిత్రించాడు. 1975లో ఎమర్జెన్సీ రాగా, ఆ చిత్రాన్ని ముక్కలు చేసి, రహస్యంగా విదేశాలకు చేర్చి, తిరిగి అతకవలసివచ్చింది. అణ్వాయుధాలను నిరసించిన "జంగ్ ఔర్ అమన్"కు సెన్సారువారు కోతలు విధించగా, 2003లో బొంబాయి హైకోర్టు కోతలు లేకుండానే ప్రదర్శనకు అనుమతించింది.

అయితే, పరాయి కత్తెరను ఎదిరించడంకంటె తన కత్తెరను అదుపులో పెట్టుకోవడం కష్టం. 1985 నాటి "హమారా షహర్" బొంబాయి గుడిసెల కూల్చివేతను చూపిన చిత్రం. అందులో నిలువ నీడ కోల్పోయిన ఒక స్త్రీ చిత్రం తీసేవారినే నిలదీస్తుంది: మా బొమ్మలు తీసుకుని పేరు తెచ్చుకునేది మీరు, దీనివల్ల మాకు ఒరిగేదేమిటి అని. ఆ నిందను తీసివేయడం కూర్పరికి క్షణం పని. పట్వర్ధన్ దానిని చిత్రంలోనే ఉంచాడు. మరుసటి సంవత్సరం గుడిసెవాసుల పక్షాన నిరాహారదీక్షలో తానూ కూర్చున్నాడు.

అదే చిత్రంలో పాడిన దళిత ప్రజాగాయకుడు విలాస్ ఘోగ్రే. 1997 జూలై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో, అంబేద్కర్ విగ్రహానికి జరిగిన అవమానాన్ని నిరసించిన దళితులపై పోలీసులు కాల్పులు జరిపారు; 10 మంది మరణించారు. కొద్దిరోజులకే ఘోగ్రే ఆత్మహత్య చేసుకున్నాడు. జీవితమంతా ఎర్రజెండా పాటలు పాడినవాడు మరణవేళ తలకు నీలిగుడ్డ చుట్టుకున్నాడు. దాని అర్థాన్ని వెదుకుతూ పట్వర్ధన్ 14 సంవత్సరాలు శ్రమించి, 2011లో "జై భీమ్ కామ్రేడ్"ను వెలువరించాడు.

ఆ నీలిగుడ్డ అడిగే ప్రశ్న వామపక్షీయులమైన మనకే తగులుతుంది. వర్గం పేరు చెప్పి కులాన్ని మన రచనలనుంచి, మన చరిత్రనుంచి మనమే ఎంత కత్తిరించివేశాం? తనను నిందించిన గొంతును చెరపని కళాకారుడు మనకు చూపే మార్గం ఒకటే: పీడితుల పక్షాన మాట్లాడే ప్రతివాడు, వారు తనను వేసే ప్రశ్నను కూడ లోకానికి వినిపించాలి. అభ్యుదయ వాస్తవికతకు ఇంతకుమించిన గీటురాయి లేదు.