మొదటి అయిదు స్థానాల్లో ఎవరి ప్రశ్న?

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. దరఖాస్తు పెట్టి జవాబు రాబట్టుకునే హక్కుగానే అది జనంలో ప్రసిద్ధమైంది. కానీ అందులోని నాలుగో సెక్షన్ అంతకంటె లోతైనది. ప్రజలు అడిగేదాకా ఆగకుండా, ఇంటర్నెట్ సహా వివిధ మార్గాల్లో సమాచారాన్ని తమంత తామే వెల్లడించాలని, ఆ పనిలో స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని ప్రభుత్వ సంస్థలను ఆదేశించింది. మరుసటి నెలలోనే భారత జాతీయ పోర్టల్ ప్రారంభమైంది. వెల్లడించే బాధ్యతలో పెద్ద భాగం ఆ విధంగా వెబ్‌సైట్ల మీద పడింది. వెల్లడించినది పౌరుడి కంట పడుతున్నదా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే సాధనం కూడా ఆ ఏడాదే పుట్టడం విశేషం. 2005 జూన్‌లో గూగుల్ ‘సైట్‌మ్యాప్స్’ పేరిట ఒక ఉచిత సేవను తెచ్చింది. అది 2006లో ‘వెబ్‌మాస్టర్ టూల్స్’గా, 2015లో ‘సెర్చ్ కన్సోల్’గా పేరు మార్చుకుంది. సైటు తనదేనని నిరూపించుకున్న ఎవరికైనా అది ప్రధానంగా నాలుగు అంకెలు చూపుతుంది: సైటు ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కి లోపలికి వచ్చారు, కనిపించినవాటిలో నొక్కినవి ఎంత శాతం, సగటున ఎన్నో స్థానంలో నిలిచింది. ఏ మాటలు వెతికితే కనిపించిందో కూడా చాలావరకు చెబుతుంది. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారికి ఇంతకు మించిన పరికరం మొదట అవసరం లేదు.

ఢిల్లీ పాలనా యంత్రాంగం ఈ కొలతను గుర్తించకపోలేదు. జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో ఆమోదం పొందాయి. సంబంధిత పదాలతో వెతికినప్పుడు ప్రభుత్వ సైటు ప్రధాన సెర్చ్ ఇంజన్లలో మొదటి అయిదు ఫలితాల్లో ఉండాలని అవి నిర్దేశించాయి. ఆనాటికి అది దూరదృష్టి గల నియమమే. చిక్కంతా ‘సంబంధిత పదాలు’ అన్న మాటలో ఉంది. అవి ఎవరి పదాలు? శాఖ తన పేరు తానే వెతుక్కుంటే మొదటి స్థానం దాదాపు ఖాయం. కొత్తవారు చేసే మొదటి పొరపాటు అదే. శాఖ పేరు తెలియని వితంతువు తన పింఛను ఎందుకు ఆగిందని వెతికినప్పుడు ఏం కనిపిస్తుందన్నదే అసలు పరీక్ష.

అంకెల్లో చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. ఒక శాఖ సైటు నెలలో వెయ్యిసార్లు ఫలితాల్లో కనిపించిందనుకుందాం. శాఖ పేరు వెతికిన వందసార్లు మొదటి స్థానం, పింఛను గురించి వెతికిన తొమ్మిది వందలసార్లు నలభయ్యో స్థానం. సగటు 36.1. మరుసటి నెలలో పింఛను పేజీ ఫలితాల నుంచి పూర్తిగా మాయమైంది. అప్పుడు సగటు ఒక్కసారిగా 1 అవుతుంది. కారణం సులభం: కనిపించిన సందర్భాలకే స్థానం లెక్క కడతారు, కనిపించని సందర్భాలు లెక్కకే రావు. నివేదికలో అది ఘనవిజయం, వితంతువుకు చీకటి. గేటు దగ్గరే జనాన్ని ఆపేసి, తన ముందు పెండింగు అర్జీలు లేవని చెప్పే అధికారి లెక్క కూడా ఇలాంటిదే.

మాయం కావడానికి కుట్ర అక్కరలేదు. యంత్రం చదవగల అక్షరాలు లేకుండా, వంకరగా స్కాన్ చేసి ఎక్కించిన ఉత్తర్వు వెతికితే దొరకడం అదృష్టమే. తెలుగువారికి ఈ అనుభవం పాతది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, తొలినాళ్లలో అనేక పత్రికల సైట్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి. తెర మీద చక్కని తెలుగు. యంత్రానికి మాత్రం అర్థంలేని గుర్తులు. అచ్చయిన వార్త అందరికీ కనిపించింది, వెతికినవారికి దొరకలేదు.

స్థానం అంటే అధికారం కూడా. ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరి 8న గూగుల్‌కు రూ. 135.86 కోట్ల జరిమానా విధించింది. మాట్రిమోనీ డాట్ కామ్, కట్స్ 2012లో చేసిన ఫిర్యాదులపై వెలువడిన తీర్పు అది. కొన్ని ప్రత్యేక ఫలితాలను 2010కి ముందు యోగ్యతతో నిమిత్తం లేకుండా ఒకటి, నాలుగు, పది స్థానాల్లో స్థిరంగా నిలిపారని కమిషన్ మెజారిటీ తేల్చింది. ఆ తీర్పు అప్పీలుకు వెళ్లింది. అయినా ఫలితాల వరుస ప్రకృతి నియమం కాదని, మనుషులు తీసుకున్న నిర్ణయాల ఫలమని అది రికార్డుకెక్కించింది. కాబట్టి మొదటి స్థానం ఖాయమని హామీ ఇచ్చే ఏజెన్సీల మాట నమ్మదగినది కాదు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

చేయవలసిన పనికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి శాఖా తన దగ్గరకు వచ్చే అర్జీల నుంచి జనం వాడే మాటల్లోనే ఇరవై ప్రశ్నలు ఏరాలి, స్థానిక భాషతో సహా. సగటు మీద ఆధారపడకుండా, నెలనెలా అవే ప్రశ్నలను విడివిడిగా చూడాలి. సెర్చ్ కన్సోల్ పదహారు నెలల లెక్క నిలుపుతుంది గనుక నిరుటితో పోల్చవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, ఏ ప్రశ్నకు తాము అసలు కనిపించలేదో రాసి, ఆ జాబితాను బయటపెట్టాలి. నాలుగో సెక్షన్ కోరింది సమాచారం ఎక్కడో ఒకచోట ఉండటం కాదు, అడగకుండానే పౌరుడికి అందడం.