పది నిమిషాలు

పంపు స్టార్ట్ చేశారు. ఇక చూడాల్సింది ఒత్తిడే.

మీరు కెనడాలోని ఎడ్మంటన్‌లో, ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఉన్నారు. 2010 జూలై 26. రాత్రి రెండు దాటింది. ఎదురుగా వరసగా తెరలు. వాటి మీద కదిలే గీతలూ అంకెలే మీకు గొట్టం. అసలు గొట్టం వెయ్యి మైళ్లకు పైగా దూరంలో, అమెరికాలో, మట్టి కింద ఉంది. దాని పేరు లైన్ 6బి. ఇండియానాలోని గ్రిఫిత్‌లో మొదలై మిషిగన్ రాష్ట్రం మీదుగా కెనడాలోని సార్నియా దాకా దాదాపు 290 మైళ్లు పోతుంది. 1969లో వేశారు. గొట్టం వెడల్పు 30 అంగుళాలు. ఉక్కు గోడ మందం పావు అంగుళం. మీ చిటికెన వేలు దానికంటే లావుగా ఉంటుంది.

పది గంటలుగా లైను ఆగి ఉంది. అది ముందే అనుకున్న ఆపుదల. ఇప్పుడు మళ్లీ నడపాలి. మిషిగన్‌లోని మార్షల్ ఊళ్లో ఈ పాటికి తెల్లవారుజాము నాలుగు.

ఎగువ స్టేషన్‌లో పంపు తిరుగుతోంది. చమురు లోపలికి పోతోంది. ఈపాటికి దిగువన ఒత్తిడి పెరగాలి. మార్షల్ దగ్గర అంకె కదలడం లేదు.

అలారం.

గొట్టంలోకి ఎంత పోశాం, అవతల ఎంత తేలింది అని క్షణక్షణం లెక్క చూసే కంప్యూటర్ మోగించింది అది. లెక్క తేలడం లేదంటోంది.

అనుభవం ఉన్నవాళ్లకు ఇలాంటప్పుడు వెంటనే తట్టే కారణం ఒకటుంది. లైను ఆపినప్పుడు ఒత్తిడి పడిపోతే, లోపలి చమురు ధార మధ్యలో తెగి, ఆ ఖాళీలో ఆవిరి చేరుతుంది. ఆ ఖాళీ పూడేదాకా అవతల ఒత్తిడి లేవదు. లెక్క తప్పుతుంది, అలారం మోగుతుంది. ఇది మామూలుగా జరిగేదే. లీకు లెక్కలు చూసే అనలిస్టుకు ఫోన్ చేస్తారు. ఆయనా ఆవిరి ఖాళీయే అంటాడు. పూడాలంటే ఇంకా చమురు పోయాలి.

కానీ గొట్టం పగిలితే? తెర మీద అచ్చం ఇవే అంకెలు కనిపిస్తాయి.

ఇక్కడ మీ చేతిలో ఒక నియమం ఉంది. లీకు కాదని పది నిమిషాల్లో తేల్చలేకపోతే లైను ఆపేయాలి. ఆ నియమం ఊరికే రాలేదు. 1991 మార్చిలో మిన్నెసోటాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ దగ్గర ఇదే కంపెనీ వ్యవస్థలోని గొట్టం పగిలి 17 లక్షల గ్యాలన్ల చమురు బయటికి పోయింది. ఆ తర్వాత పెట్టుకున్న కట్టుబాటు ఇది.

పది నిమిషాలైంది. ఒత్తిడి లేవలేదు.

ఆపుతారా?

కారణం దొరికింది కదా అనిపిస్తుంది. ఆవిరి ఖాళీ. పక్కవాళ్లూ అదే అంటున్నారు. పైఅధికారీ కాదనడు. ఇక్కడే అందరికీ కాలు జారుతుంది. దొరికిన కారణం నిజమో కాదో ఎవరూ పరీక్షించలేదు. అది నమ్మదగ్గట్టుగా ఉంది, అంతే.

ఇరవై నిమిషాలు. ఇంకా పోస్తున్నారు.

నలభై.

గంటకు ఆపుతారు. లోపలికి పోసింది బోలెడు. అవతల తేలింది ఏమీ లేదు. అంత చమురు ఎక్కడికి పోయింది? గదిలో మాటలు నడుస్తాయి. లీకేమో అన్న మాటా వస్తుంది. మళ్లీ ఆవిరి ఖాళీ మాటే నెగ్గుతుంది.

మార్షల్‌లో ఉదయం ఏడు దాటాక రెండోసారి స్టార్ట్ చేస్తారు. అలారాలు. అరగంట. ఆపుతారు.

ఇక ఆ కుర్చీ వదిలి మార్షల్ రండి. ఇక్కడ తెరలు లేవు. మీ ముక్కు చాలు.

పెట్రోలు బంకులో కొట్టే వాసన లాంటిదే, కానీ గొంతులో దిగబడుతోంది. కళ్లు మండుతున్నాయి. తల బరువెక్కుతోంది. ఈ వాసన నిన్న రాత్రి నుంచీ ఉంది. ఊళ్లోవాళ్లు రాత్రి 9.25కే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేశారు. ఫైరింజన్ వచ్చింది. వంటగ్యాస్ లాంటిదేదో లీకవుతోందనుకుని వెతికారు, దొరకలేదు, వెళ్లిపోయారు. ఊరి పక్కన భూమిలో ముడిచమురు గొట్టం ఉందన్న సంగతి అప్పుడు తట్టాల్సినవాళ్లకు తట్టలేదు. తర్వాత ఫోన్ చేసినవాళ్లకు, ఇప్పటికే వచ్చి చూశాం అన్న జవాబే దక్కింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కంట్రోల్ రూమ్‌వాళ్లు ఊరి నుంచి ఫోన్ రాలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకున్నారు. ఊరు ఫోన్ చేస్తూనే ఉంది, వేరే నంబరుకు.

గడ్డి తొక్కుకుంటూ తల్మడ్జ్ వాగు వైపు నడవండి. నేల చిత్తడి. బూటు పైకి తీస్తే నల్లగా, జిగటగా వస్తుంది. వాగు నీళ్లు కనబడవు. ఒడ్డు నుంచి ఒడ్డుకు నలుపే. అది కలమజూ నదిలోకి పోతోంది. వానలు పడి నది గట్టు దాటి పారుతోంది కాబట్టి నలుపు పొదల్లోకీ చెట్ల మొదళ్లలోకీ ఎక్కుతోంది.

ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

ఉదయం పదకొండు దాటాక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఒకరు ఎడ్మంటన్‌కు ఫోన్ చేసి వాగులో చమురు ఉందని చెబుతారు. నిమిషాల్లో, ఎడ్మంటన్ నుంచే, పగిలిన చోటికి అటూ ఇటూ వాల్వులు మూస్తారు.

గొట్టం పగిలింది నిన్న సాయంత్రం 5.58కి, లైను ఆపుతున్నప్పుడే. అప్పుడూ అలారాలు మోగాయి. లైను ఆపుతున్నాం కాబట్టి మోగాయనుకున్నారు. అప్పటికీ ఇప్పటికీ మధ్య 17 గంటలకు పైగా గడిచాయి. మొత్తం 8,43,444 గ్యాలన్లు బయటికి పోయాయి. అందులో 81 శాతం మీరు రెండుసార్లు పంపు స్టార్ట్ చేసి పోసినదే.

అది మామూలు ముడిచమురు కూడా కాదు. ఆల్బర్టా ఇసుకల్లోంచి తీసిన తారు లాంటి బిటుమెన్. గొట్టంలో పారడానికి దానిలో తేలికపాటి ద్రావకం కలుపుతారు. బయటపడగానే ద్రావకం గాలిలో కలుస్తుంది. మీ కళ్లు మండించింది అదే. దాదాపు 320 మందికి ఒంట్లో బాగాలేకపోయింది. మిగిలిన బరువైన భాగం బురదతో కలిసి నది అడుక్కి దిగుతుంది. నీటి మీద తేలే అడ్డుకట్టలు దాన్ని ఆపలేవు. ఏళ్ల తరబడి అడుగు కలియబెట్టి చమురు పైకి లేపారు. 2013లో అమెరికా పర్యావరణ సంస్థ నది అడుగు తవ్వి తీయమని ఆదేశించింది.

గుంట తవ్వి గొట్టం చూస్తే ఆరున్నర అడుగులకు పైగా పొడవున చీలి ఉంది. దాని మీద చుట్టిన పాలిథీన్ టేపు ఎప్పుడో ముడతలు పడి ఊడింది. ఆ ముడతల్లోకి తేమ చేరింది. తుప్పును ఆపడానికి పంపే సన్నని కరెంటు టేపు కిందికి పోలేదు. తుప్పు పట్టిన చోట చిన్న బీటలు పుట్టాయి. ఒత్తిడి పెరిగి తగ్గిన ప్రతిసారీ అవి కొంచెం ఎదిగాయి. ఒకదానితో ఒకటి కలిశాయి.

ముందే తెలిసే దారి లేదా?

2005కు వెళ్లండి. ఈసారి మీ ముందున్నది అలారం కాదు, కాగితం. గొట్టంలో చమురుతో పాటు సాగిపోయే తనిఖీ యంత్రం అల్ట్రాసౌండ్‌తో గోడను పరీక్షించి వచ్చింది. తర్వాత పగిలిన ఈ ముక్కలోనే ఆరు చోట్ల బీటలున్నాయని రాసింది. ఒకటి 51.6 అంగుళాల పొడవు. తవ్వి చూడాలంటే మనుషులు కావాలి, యంత్రాలు కావాలి, లైను ఒత్తిడి తగ్గించాలి. తవ్వకుండా వదిలేస్తే గొట్టం నిలుస్తుందా అని లెక్క వేశారు. ఆ లెక్కలో గోడ మందాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా తీసుకున్నారు. బీట ఏ రకమో పేరు పెట్టడంలోనూ పొరపాటు జరిగింది. ఇలాంటి బీటల విషయంలో ఏం చేయాలో ప్రభుత్వ నిబంధనలు కూడా గట్టిగా చెప్పలేదని 2012లో అమెరికా రవాణా భద్రతా బోర్డు తప్పుపట్టింది. లెక్క ప్రకారం గొట్టం నిలుస్తుంది. తవ్వే జాబితాలోకి ఆ 51.6 అంగుళాలు రాలేదు.

ఐదేళ్ల పాటు అక్కడ ఎవరూ పార దింపలేదు. 2014 నాటికి ఆ పాత లైను స్థానంలో కంపెనీ కొత్త గొట్టం వేసింది.