హైదరాబాదు పేరు మోసిన బాంబరు దళం

నేటి రామకృష్ణాపూర్ బొగ్గు ప్రాంతం ఒకనాడు నిజాం రాజ్యంలోనిది. ఆ రాజ్యం పేరు 1918లో బ్రిటిష్ వైమానిక దళానికి చేరింది. నిజాం విరాళంతో డిహెచ్-9ఎ బాంబర్లు పొందిన 110వ దళం ‘హైదరాబాదు స్క్వాడ్రన్’గా పేరొందింది. దీన్ని పాలకుని రాజభక్తికి నిదర్శనంగా మాత్రమే చూడడం చాలదు. ఆ పేరు మోసిన యువ వైమానికుల అనుభవమూ పరిశీలనార్హమే.

బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, కెన్నెత్ డోరన్ నాయకత్వంలో ఈ దళపు 5 బ్లెన్‌హైమ్ తేలికపాటి బాంబర్లు జర్మన్ నౌకాశ్రయం విల్‌హెల్మ్స్‌హాఫెన్‌పై దాడి చేశాయి. ఒక్కో విమానంలో ముగ్గురే: పైలట్, అబ్జర్వర్, వైర్‌లెస్ బాధ్యత కూడా చూసే గన్నర్. మబ్బుల కింద, తక్కువ ఎత్తులో నౌకల మీదికి దూసుకెళ్లారు. ‘అడ్మిరల్ షీర్’కు తగిలిన బాంబులు పేలనేలేదు. ఈ దళపు విమానం ఒకటి కూలింది. అదే దాడికి వెళ్లిన 107వ దళపు 5 విమానాల్లో 4 తిరిగిరాలేదు.